చొల్లంగి స్నానము - మడ యడవి దర్శనము

కాకినాడకు దక్షిణమున, యానామునకు బోవు త్రోవలో చొల్లంగి యను గ్రామమున్నది. పుష్య బహుళామావాస్యనాడు అచ్చట స్నానము చేయుట గోదావరీ తీరవాసులకు తరతరములనుండి వచ్చుచున్న యాచారము. గోదావరి యేడు పాయలుగా చీలి సముద్రమున గలియుననియు, ఒక్కొక్క పాయకు ఒక్కొక్క ఋషి పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఆ సంగమము లన్నిటను వరుసగా స్నానమాడుటయే సప్తసాగరయాత్ర. సంతానము గోరు దంపతులు విశేషముగా నీ యాత్ర చేయుట కలదు. అందు మొదటిది తుల్యభాగ కలియు చొల్లంగి, తరువాతిది ఆత్రేయ కలియు కోరంగి, కడపటిది వసిష్ఠ కలియు అంతర్వేది.

ఈ యేడు మా యత్తగారు చొల్లంగి స్నానము చేయవలెనని ముచ్చటపడిరి. ఆమెతో గూడ మా యాడబిడ్డయు మేమును బయలుదేరితిమి. పుణ్యము మాట యటుండగా, ఈ ప్రయాణమునకు లౌకికమైన నిమిత్తము మరియొకటి కలదు. మా యత్తగారికి వివాహకాలమున పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన రెండెకరముల నేల ఆ ప్రాంతముననే ఒక కాలువ యొడ్డున నున్నది. ఉప్పునేల యగుటచే అందు వరి పండదు. ఇంతకాలము దాని నెవరును లక్ష్యపెట్టలేదు. మొన్న దసరా వెళ్ళిన తరువాత ఒక పెద్దమనిషి మా యింటికి వచ్చి, ఆ నేల కౌలుకిచ్చినచో రొయ్యల చెరువు త్రవ్వించెదననియు, ఏటేట మంచి కౌలు ముట్టజెప్పెదననియు చెప్పెను. కాలువ వైపున నున్న మడచెట్లను మాత్రము కొట్టివేయవలసియుండునట. అనుమతుల సంగతి తానే చూచుకొనునట. "పనికిమాలిన పొదలండీ అవి, వాటికోసం ఆలోచించకండి" అని యాయన మాట.

మా యాడబిడ్డ కుమార్తె కళాశాలలో చేరవలసిన యేడిది. ఆ కౌలు సొమ్ము ఆ పిల్ల చదువునకు సరిగా సరిపోవును. కావున నేలను కన్నులార చూచిన పిమ్మట వ్రాలు చేయుటయో మానుటయో నిశ్చయించుకొందమని మా యత్తగారు చెప్పిరి. కౌలు కాగితములు ఆమె చేతిసంచిలోనే యుండెను.

అమావాస్యనాటి యుదయమున తీర్థమెల్ల జనసమ్మర్దముగా నుండెను. స్నానము, దానము ముగించుకొని యొడ్డున గూర్చుండి మేము నీటి వంక చూచుచుంటిమి. అమావాస్యకును పున్నమకును సూర్యచంద్రుల యాకర్షణ యొక్కటిగా గూడి పోటు మిక్కుటముగా వచ్చును. ఈ తీరమున అట్టి దినములలో నీరు నాలుగైదడుగుల యెత్తు లేచి, మరల ఆరుగంటలలో దిగిపోవును. ప్రొద్దున నీటిలో మునిగి తలలు మాత్రము చూపిన చెట్లు, మధ్యాహ్నమునకు మొదళ్ళతో సహా బురదలో నిలిచి కనబడినవి. దినమునకు రెండుమారులు మునిగి, రెండుమారులు తేలు నీ చెట్లే మడలు. వాటిని దగ్గరగా చూడవలెనని మాకు కుతూహలము కలిగి, ఆ రాత్రి కాకినాడలో బంధువులయింట గడపి, మరునాటి యుదయమున తిరిగి వచ్చితిమి.

గౌతమీ గోదావరి కొసపాయలయిన కోరంగి, గాడేరు మొదలగు కాలువల నడుమ వ్యాపించిన యీ ప్రదేశమును 1978వ సంవత్సరమున అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అడవిలోనికి పోవుటకు చెక్కలతో ఎత్తైన కాలిబాట కట్టినారు. దానిపై నడచుచు బురద నంటకయే లోపలి వింతలన్నియు చూడవచ్చును. సమీపపు మత్స్యకార గ్రామపు యువకుడొకడు మాకు దారి చూపెను. అతడు చెట్టుచెట్టును పేరుపెట్టి పిలుచుచుండగా, మేనల్లుడు మేనత్తలకు చుట్టములను చూపుచున్నట్లే మాకు తోచెను. తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల, కళింగ, గుగ్గిలము: చూచుటకు అన్నియు నొక్కటే పచ్చదనము, తెలిసికొన్న కొలది ఒక్కొక్కటి బ్రతుకు తీరు ఒక్కొక్కటి.

మొట్టమొదట మా కన్నుల నాకర్షించినవి చెట్లు కాక, చెట్ల క్రింది బురద. అందుండి జేనెడేసి పుల్లలు వేలకొలది నిట్టనిలువుగా పైకి పొడుచుకొని వచ్చియున్నవి. ఎవరో నారు నాటిరి కాబోలు ననుకొంటిమి. అవి మడచెట్ల ఊపిరి వేళ్ళట. ఆ బురద మిక్కిలి బిగువైనది. అందు గాలి చొరదు. పాతరలో పెట్టినవాడు ఊపిరాడక చచ్చునట్లు సామాన్యవృక్షముల వేళ్ళు అందు క్రుళ్ళిపోవును. మడచెట్టు తన వేళ్ళనే పైకెత్తి, పాటు సమయమున నీరు దిగినప్పుడు వాటి సన్నని రంధ్రముల ద్వారా గాలి పీల్చుకొని అడుగునకు పంపుకొనును. పొన్న దారి వేరు. అది మానునుండి వంకరగా వేళ్ళను దింపి, పందిటి రాటలవలె నలుదిక్కుల పాతుకొని నిలుచును. ఎంతటి యుధృతమైన నీరైనను ఆ రాటల నడుమ దూరునప్పటికి వేగము చచ్చి, తెచ్చిన యొండ్రు నచ్చటనే వదలిపోవును. ఈ విధముగా చెట్టు నేలను పట్టుటయే కాక, క్రొత్తనేలను గూడ సమకూర్చుకొనుచున్నది.

ఇక నుప్పు సంగతి. సముద్రపు నీట లీటరునకు సుమారు 35 గ్రాముల లవణముండును. మన పెరటిలోని ఏ మొక్కకైనను ఆ నీరు పోసినచో రెండుమూడు దినములలో వాడిపోవును. పొన్న వేరు నీటిని లోనికి దీయునపుడే ఉప్పులో నధికభాగమును బయటనే నిలిపివేయును. మనము పిండి జల్లించి పొట్టు వేరుచేయుట వంటి పని యిది. తెల్లమడ మాత్రము కొంత యుప్పును లోనికి రానిచ్చి, ఆకుల మీదనున్న గ్రంథులద్వారా బయటికి త్రోసివేయును. ఎండ యెక్కిన వేళ ఆకు వెనుక తెల్లని రవ్వలు మెరయుచుండగా మా యత్తగారు ఒక యాకు గోసి నాలుక కానించి, "కూరలో నుప్పు ఎక్కువైనట్లే యున్నది" అనిరి. తిల్లచెట్టు దాపునకు పోగా ఆ యువకుడు చేయి యడ్డుపెట్టి, దాని పాలు కంటబడినచో కన్ను పోవునంత మంట పుట్టునని హెచ్చరించెను. చిదంబర క్షేత్రమునకు తిల్లై యను పేరు వచ్చుటకు కారణ మీ చెట్టేయని విని మాకు వింత తోచినది. నటరాజస్వామి కోవెల చుట్టు ఒకప్పుడీ చెట్ల వనమే యుండెడిదట.

స్త్రీలకు మిక్కిలి మనసున నాటు విశేషము మరియొకటి చూచితిమి. పొన్నకొమ్మలకు ములగకాయలవంటి పచ్చని కాయలు వ్రేలాడుచున్నవి. అవి కాయలు కావు. తల్లిని విడువని పిల్లలు. తక్కిన చెట్లు విత్తును నేలపై రాల్చి దాని యదృష్టమునకు వదలివేయును. ఈ బురదలో అట్లు రాలిన విత్తు పోటునకు కొట్టుకొనిపోవును, లేదా యుప్పుకు చచ్చును. అందుచే పొన్నచెట్టు విత్తును కొమ్మననే మొలకెత్తించి, నెలల తరబడి తన రసమునిచ్చి పెంచి, నిలువగల శక్తి వచ్చిన పిమ్మటనే విడుచును. విడిచిన పిల్ల పాటు వేళ రాలెనా, బురదలో గుచ్చుకొని అచ్చటనే నాటుకొనును. పోటు వేళ రాలెనా, తేలియాడుచు దూరముపోయి వేరొక తీరమున పాదు కట్టుకొనును. సంతానము గోరి దంపతులు స్నానమాడు తీర్థము ప్రక్కనే ఇట్టి చెట్లుండుట యెంత చిత్రము!

ఈ నీడలో బ్రతుకు జీవరాశిని లెక్కింప మాతరము కాలేదు. ఒక పిడికెడంతైనను లేని పీతలు గుంపులుగా బొరియలనుండి వచ్చి, అలికిడి కాగానే మాయమగుచుండెను. వానిలో మగపీతకు ఒక కొండి మాత్రము ఒడలంత పెద్దది. దానిని పైకి క్రిందికి నూపుచు ఆడుపీతను పిలుచును. బురదపై గెంతుచు పోవు చిన్న చేపలను చూచి మా యాడబిడ్డ కప్పపిల్లలనుకొన్నది. అవి చేపలే, ఒడలు తడిగా నున్నంతవరకు చర్మముతో గాలి పీల్చుకొనుచు నీటివెలుపల తిరుగగలవు. రాలిన యాకులను పీతలు చీల్చి బొరియలలోనికి లాగుకొనిపోవును. మిగిలినది క్రుళ్ళి సూక్ష్మజీవులకాహారమగును. వానిని రొయ్యపిల్లలు, చేపపిల్లలు తినును. సముద్రమున పెరుగవలసిన యెన్నియో జాతుల చేపలకును రొయ్యలకును బాల్యమంతయు ఈ వేళ్ళ నడుమనే. పెద్దచేపలు ఈ యిరుకులోనికి చొరలేవు గదా!

చేపలున్న చోటికి వాని వేటకాండ్రును వత్తురు. లకుముకి పిట్టలు, కొంగలు, గరుడపక్షులు పగటివేళ మాకే కనబడినవి. శీతకాలమున సైబీరియా వంటి దూరదేశములనుండి వచ్చు పక్షులు నీరు తీసిన బురదనేలలపై మేయుచుండెను. నీటికుక్కలు కుటుంబములుగా నీదుచు వేటాడునట. రాత్రివేళ నీటిపిల్లి తిరుగును. ఇంటిపిల్లికి రెట్టింపు పరిమాణమున, బూడిదవన్నె మేనిపై నల్లమచ్చలతో నుండు నీ జంతువు తక్కిన పిల్లులవలె నీటిని చూచి జంకక, లోనికి దుమికి చేపలను పట్టును. దానిని మేము చూడలేదు. బురదపై దాని యడుగుజాడలు మాత్రము చూచి తృప్తిపడితిమి. దూరమున హోప్ దీవి యిసుకగట్టు సన్నని గీతవలె కనబడెను. గోదావరి తెచ్చిన యిసుకతో ఇటీవలి శతాబ్దములలో నేర్పడిన దీవి యది. శీతకాలపు చివర సముద్రపు తాబేళ్ళు అచ్చటికి వచ్చి, ఒక్కొక్కటి సుమారు నూరేసి గ్రుడ్లు ఇసుకలో పాతిపెట్టి పోవును.

మడ యడవి మన తీరమునకే పరిమితమైనది కాదు. ఉష్ణమండల దేశములనేకముల తీరములందు ఇట్టి యడవులున్నవి. ప్రపంచమంతటను కలిపి నిజమైన మడజాతులు సుమారు 70 మాత్రమే; కాని వాని నీడన బ్రతుకువారు మాత్రము దేశదేశమునకు వేరు. గంగ, బ్రహ్మపుత్ర కలియు సుందరవనములలో మడల నడుమ పెద్దపులి యీదును. బోర్నియో ద్వీపమున పెద్దముక్కు కోతులు మడయాకులను మేసి బ్రతుకును. ట్రినిడాడులో సంధ్యవేళ కుంకుమవన్నె పక్షులు గుంపులుగా వచ్చి మడకొమ్మలపై వ్రాలును. గలపాగసు దీవులలో మడలను మాత్రమే నమ్ముకొన్న యొక చిన్నపిచ్చుకజాతి, ఇసబెల్లా యను నొక్క ద్వీపముననే మిగిలి, అంతరించు దశకు వచ్చినది. చెట్టొక్కటే యైనను అతిథులు వేరు. ఆ చెట్టు పోయెనా, ఎచ్చటి యతిథికైనను నిలువనీడ యుండదు.

మధ్యాహ్నము పడవలో కోరంగి వైపు కొంతదూరము పోయితిమి. నేడు చిన్న గ్రామముగా నున్న కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. అచ్చట ఓడలు కట్టెడివారు. అచ్చటనుండి మనవారు బర్మాకు వలసపోయెడివారు. అందుచేతనే బర్మాలో తెలుగువారికి కొరంగీలను పేరు వచ్చెను. ఆ రేవును 1789లో నొకమారు, 1839 నవంబరులో మరియొకమారు ఉప్పెన ముంచివేసెను. వేలకొలది జనులు సముద్రము పాలైరి. ఓడలు నేలమీదికి కొట్టుకొనివచ్చెను. తరువాత కోరంగి మరల కోలుకొనలేదు. కలకత్తాలో నుండి తుపానుల చరిత్రను వ్రాసిన హెన్రీ పిడ్డింగ్టన్ ఈ కోరంగి యుప్పెనను గూర్చియు వ్రాసెను. సుడిగాలి తుపానుకు సైక్లోను అను పేరు పెట్టినవాడతడే. నేడు లోకమెల్ల పలుకు నా మాట వెనుక మన తీరపు దుఃఖము గూడ నొకింత కలదు.

పడవ రేవున నొక వృద్ధురాలు తట్టలో మండపీతలను తాటినారతో కట్టుకొనుచుండెను. మా యత్తగారు ఆమె చెంత చతికిలబడి, "మామ్మా, తొంభైయారు తుపానునాడు మీరిక్కడే ఉన్నారా?" అని యడిగిరి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడ కోనసీమల నడుమ తీరము దాటిన యా తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. ఆ సంగతి మా యిండ్లలో నేటికిని చెప్పుకొందురు.

"ఇక్కడే ఉన్నానమ్మా. గాలి మా ఇళ్ళ కప్పులన్నీ లేపేసింది. నీళ్ళూ వచ్చాయి. కానీ అలలాగా విరుచుకుపడలేదు, పాలు పొంగినట్టు మెల్లగా లేచాయి. ఆ విసురంతా ముందు మడ తీసుకుంది. పిల్లల్నెత్తుకుని బడి మేడమీదికి పోడానికి మాకు వేళ దొరికింది. మా అత్త చెప్పేది, మడ మన పుట్టిల్లే, పుట్టింటి దూలం పొయ్యిలో పెట్టుకోకూడదని."

"అయితే మీరెన్నడూ కొట్టలేదా?" అని మా యాడబిడ్డ యడిగెను.

ఆమె నవ్వి, "అబద్ధమెందుకమ్మా! పిల్లలు చిన్నప్పుడు పచ్చి కొమ్మా కొట్టాను. పొయ్యి వెలగాలి కదా. ఇప్పుడు గ్యాసు వచ్చింది, ఎండుపుల్ల కూడా ఏరట్లేదు" అనెను. రొయ్యల చెరువుల మాట యడుగగా, "చెరువున్నోళ్ళకి ఒక ఏడు బంగారం, ఒక ఏడు అప్పు. మాకు మాత్రం నూతిలో నీళ్ళు ఉప్పగా అయినాయి" అని తట్ట తలకెత్తుకొని పోయెను.

ఆమె చెప్పినది అనుభవము. దానికి లెక్కల సాక్ష్యము గూడ గలదు. 1999 అక్టోబరులో ఒడిశాను కూల్చిన మహాతుపాను తరువాత, కేంద్రపడ జిల్లాలోని వందలాది గ్రామములలో మరణములను విద్వాంసులు లెక్కించి చూచిరి. సముద్రమునకును గ్రామమునకును నడుమ మడల పట్టె వెడల్పుగా నున్నచోట ప్రాణనష్టము తక్కువగా నుండెనని 2009లో ప్రకటించిరి. మడ యెంతటి యుప్పెననైనను ఆపునని చెప్పరాదు. ముందుగా హెచ్చరిక విని గట్టికట్టడములకు పోవుటకు అది బదులుగాదు. కాని నీటి విసురును తగ్గించి, తల్లి బిడ్డను చంకనెత్తుకొని పరుగెత్తుటకు కావలసిన ఘడియ నిచ్చునన్న, అది సామాన్యమైన మేలా?

ఇట్టి యడవిని మనము పెక్కువిధముల పోగొట్టుకొంటిమి. వంటచెరకునకు కొంత, పశువుల మేతకు కొంత పోయినది. 1990 తరువాత రొయ్యల సాగు వెల్లువగా వచ్చినప్పుడు మన తీరమున చాల నేల చెరువులుగా మారెను. ఆ దశాబ్దపు నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి పంట తుడిచిపెట్టుకొనిపోగా నెందరో అప్పులపాలైరి. చెట్లు పోయిన చోట నేల క్రుంగి, పోటునీరు వచ్చి నిలిచిపోయి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకొని మరల నొక మొలకైనను లేవదు. ఇందుకు ప్రతిక్రియగా చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటు లోనికి వచ్చి పాటుతో తిరిగి పోవునట్లు చేసి, అటుపిమ్మట మొక్కలు నాటిరి. గ్రామస్థుల సమితులే యీ పనిలో పాల్గొనినవి. అట్లు నాటిన యడవిలో నొక భాగమును మాకా యువకుడు చూపి, "మా అమ్మ ఈ కాలవలు తవ్వింది" అని గర్వముగా చెప్పెను.

సాయంకాలమున మా యత్తగారి నేలకు పోయితిమి. రెండెకరములలో సగము బయలు; సగము, కాలువ వైపున, తెల్లమడ గుబురు. నాలుగు దినములకు ముందు చూచియుండినచో మేమును వానిని పొదలనియే యనియుందుము. ఇప్పుడు మోకాళ్ళపై వంగి ఊపిరి వేళ్ళను చూచితిమి. పీతల బొరియలను చూచితిమి. కాలువ కవతల పదిపదునైదు పూరిండ్లు, వాని ముందర ఆడుకొను పిల్లలును కనబడిరి. ఆ యిండ్లకును సముద్రపు పోటునకును నడుమ నున్నవి ఈ చెట్లే.

మా యత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట సంచిలోని కాగితములు తీసి, మడత విప్పకయే రెండుగా చింపి, తిరిగి సంచిలోనే పెట్టుకొనిరి. "మా నాన్న నాకు పసుపుకుంకుమల కిచ్చిన నేల. దీని మీద నొకరి పసుపుకుంకుమలు పోగొట్టలేను" అనిరి.

మా యాడబిడ్డ కన్నులలో నీరు తిరిగెను. "మరి పిల్ల చదువో, అమ్మా?" అని మాత్రమనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. అడవిని కాపాడుమని చెప్పుట సులభము. దానికై యెవరింటి ఖర్చు ఆగునో వారికే దాని బరువు తెలియును. మా యత్తగారు తన చేతి గాజుల జతను కుదువబెట్టుదమనియు, మిగిలినదానికి బ్యాంకువారి విద్యారుణమునకు దరఖాస్తు చేయుదమనియు చెప్పిరి. తిరుగుప్రయాణమున మా యాడబిడ్డ కాకినాడ దాటువరకు మౌనముగనే యుండెను. సామర్లకోట వద్ద రైలు కదలిన పిమ్మట, "ఆ కాయలు నిజంగా ములగకాయల్లాగే ఉన్నాయి కదూ?" అనెను. అప్పుడు మా మనస్సులు తేలికపడెను.

సోదరీమణులారా! మీలో ననేకుల పేర తీరప్రాంతమున నిట్టి చిల్లర నేలలుండవచ్చును. లేకున్నను మీ మాట చెల్లు నిండ్లుండును. "పనికిమాలిన నేల" అను మాట వినబడినప్పుడు, అది యెవరికి పనికిమాలినదో ఒక్కమారు పోయి చూడుడు. చొల్లంగి స్నానమునకు పోవువారు, మరునా డొక పూట నిలిచి, పాటు వేళ ఆ చెక్కబాటపై నడచి రండు. పిల్లలను గూడ వెంట దీసికొని పొండు. కొమ్మను పట్టుకొని పెరుగుచున్న యా పొన్నపిల్లలను వారికి చూపుడు.